ఆన్‌లైన్ ఎమ్మెస్ సగంలో ఉంది, క్యాంపస్‌కి మారాలా? ముందు వేసుకోవాల్సిన లెక్కలు

"అన్నా, 30లో 21 క్రెడిట్లు అయిపోయాయి. మిగతా 9 అమెరికా వెళ్లి చేసేస్తే ఓపీటీ వస్తుంది కదా?"

రాదు. ఈ రెండక్షరాలు చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఓపీటీ అంటే చదువయ్యాక అక్కడ కొంతకాలం ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి. అవతలి కుర్రాడు అప్పటికే మేనేజర్ చెవిన రాజీనామా మాట వేసేశాడు, ఇంట్లో వాళ్లు బ్యాంకు వాళ్లకి ఇంటి కాగితాలు చూపించేశారు.

అమెరికాలో ఒక యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసి వచ్చాను. అప్పటినుంచి చుట్టాల్లో, చుట్టాల స్నేహితుల్లో ఎవరి నోట ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) అన్న మాట వచ్చినా నా నంబరు చేతులు మారుతుంది. అడిగేవాళ్లలో చాలామందిది ఒకటే కథ. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రిపూట అమెరికా యూనివర్సిటీ ఆన్‌లైన్ ఎమ్మెస్. చేరినప్పుడు వెళ్లే ఉద్దేశం లేదు. రెండు మూడు సెమిస్టర్లు గడిచాక, తోటివాడు అక్కడినుంచి ఫోటోలు పెడుతుంటే, మనసు అటు లాగుతుంది. సగం చదివేశాం కాబట్టి సగం ఖర్చుతో అమెరికా అయిపోతుందని ఒక లెక్క వేసుకుంటారు. ఆ లెక్కే తలకిందులుగా ఉంటుంది. మీరు ఎన్ని క్రెడిట్లు వెంట తీసుకెళ్తున్నారన్నది కాదు, అక్కడికి వెళ్లాక చేయడానికి ఎన్ని మిగిలాయన్నదే ముఖ్యం.

ప్రధానంగా అమెరికా సంగతే రాస్తున్నాను. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా గురించి చివర్లో కొంచెం.

వీసా కంటికి మీ ఆన్‌లైన్ చదువు కనపడదు

మన మాటల్లో "ఆన్‌లైన్ నుంచి క్యాంపస్‌కి మారడం" అంటాం. వీసా నిబంధనల్లో అలా మారడం అనేది లేదు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) విద్యార్థి ఫుల్‌టైమ్ లెక్కలో ఒక సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే 3 క్రెడిట్లు మాత్రమే చెల్లుతాయి. మాస్టర్స్‌లో చాలా చోట్ల ఫుల్‌టైమ్ అంటే 9 క్రెడిట్లు. అందులో కనీసం 6 తరగతి గదిలో కూర్చుని చదవాలి. కాబట్టి పూర్తిగా ఆన్‌లైన్‌గా నడిచే ప్రోగ్రామ్‌కి ఐ-20 రాదు. జార్జియా టెక్ 2014లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ మన వాళ్లలో బాగా తెలిసిన పేరు. మొత్తం చదువు 7 వేల డాలర్ల చుట్టుపక్కల అయిపోతుంది, పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాట కూడా ఉండదు. కానీ దాని మీద స్టూడెంట్ వీసా రాదు.

కోవిడ్ కాలం గుర్తున్నవాళ్లు "అప్పట్లో అంతా ఆన్‌లైనే కదా" అంటారు. అది మినహాయింపు. ఆ మినహాయింపును కూడా 2020 జులైలో తీసేయబోయారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాక వారం తిరక్కుండానే వెనక్కి తగ్గారు. ఆ రోజులు పోయాయి, పాత నిబంధనే నడుస్తోంది.

అంటే క్యాంపస్‌కి వెళ్లాలనుకుంటే క్యాంపస్ ప్రోగ్రామ్‌లో అడ్మిషన్, కొత్త ఐ-20, 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు, డీఎస్-160 అనే వీసా దరఖాస్తు, 185 డాలర్ల వీసా ఫీజు, ఇంటర్వ్యూ, అన్నీ మొదటినుంచీ మొదలవుతాయి. ఇందులో మీ 21 క్రెడిట్లు అడ్మిషన్ ఆఫీసుకి మాత్రమే లెక్క.

ఏం చూసి తేల్చుకోవాలి

మొదటిది, అన్నిటికంటే పెద్దది, అక్కడ మిగిలే కాలం. ఓపీటీ అడగాలంటే ఒక పూర్తి అకడమిక్ ఏడాది, మామూలుగా రెండు సెమిస్టర్లు, ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉండి ఉండాలి. ఇండియాలో మీ గదిలో కూర్చుని చేసిన ఆన్‌లైన్ సెమిస్టర్లు ఇందులోకి రావు. ఇప్పుడు 30 క్రెడిట్ల డిగ్రీని తీసుకుని లెక్క వేయండి.

| ఇప్పటికి అయినవి | అక్కడ మిగిలేవి | సెమిస్టర్లు | ఓపీటీ సంగతి |
|---|---|---|---|
| 6 | 24 | మూడు | ఇబ్బంది లేదు |
| 12 | 18 | రెండు నిండుగా | సరిగ్గా సరిపోతుంది |
| 15 | 15 | 9 + 6 | చివరి సెమిస్టర్ తక్కువ లోడ్‌కి అనుమతి తీసుకోవాలి, ముందే అడగాలి |
| 21 | 9 | ఒకటి | రాదు |

మొదట్లో చెప్పిన కుర్రాడు ఆఖరి వరసలో ఉన్నాడు. ఒక్క సెమిస్టర్ చదివి పట్టా తీసుకుంటాడు, 60 రోజుల గడువులో సామాను సర్దుకుని తిరిగొస్తాడు. ఉద్యోగం పోయింది, ఓపీటీ లేదు, మీద అప్పు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. 15 దగ్గర ఉన్నవాళ్లు ఆ యూనివర్సిటీ డీఎస్‌ఓకి (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి) ఈమెయిల్ రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో "ఓకే" అన్న మాట రేపు ఎవరికీ గుర్తుండదు. చదువుతుండగానే బయట పనిచేసుకోనిచ్చే సీపీటీకి కూడా మామూలుగా ఇదే ఏడాది నిబంధన.

రెండోది ఐ-20లో ఏం రాసి ఉంటుందన్నది. ప్రోగ్రామ్ పేరు పక్కన ఆరంకెల కోడ్ ఒకటి ఉంటుంది. ఆ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే 12 నెలల ఓపీటీ తర్వాత ఇంకో 24 నెలలు. "బిజినెస్ అనలిటిక్స్" అన్న పేరే ఒక చోట స్టెమ్ కోడ్ కింద, ఇంకో చోట మామూలు మేనేజ్‌మెంట్ కోడ్ కింద ఉండొచ్చు. పేరు చూసి మోసపోవద్దు, కోడ్ అడగండి.

మూడోది డబ్బు, ఉద్యోగం కలిపి. ఆన్‌లైన్ ఫీజునీ క్యాంపస్ ఫీజునీ పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోదు. ఐ-20 ఇవ్వాలంటే మొదటి ఏడాది ట్యూషన్, అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నిటికీ సరిపడా డబ్బు చూపించాలి. 40 వేల డాలర్ల చుట్టుపక్కల అంకె చాలా చోట్ల మామూలే, పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో దానికి రెట్టింపు. దానికి మీరు ఇక్కడ వదులుకునే జీతాన్ని కూడా కలపండి. రెండేళ్ల జీతం రాకుండా పోవడం కూడా ఖర్చే. ఈ వరస రాయకుండా వేసిన పట్టీలే నాకు ఎక్కువగా కనపడతాయి.

నాలుగోది వీసా ఇంటర్వ్యూలో కిటికీ దగ్గర చెప్పాల్సిన మాట. దాని గురించి విడిగా చెప్తాను, ఎందుకంటే ఆన్‌లైన్ నుంచి వచ్చేవాళ్లకి అక్కడ పడే ప్రశ్న మిగతావాళ్లకి పడదు.

దారి 1: అదే యూనివర్సిటీలో క్యాంపస్ ప్రోగ్రామ్‌లోకి

అందరికీ మొదట తోచేది ఇదే. ఐడీ ఉంది, ప్రొఫెసర్లు తెలుసు, చేసిన కోర్సులు ఎక్కడికీ పోవు. కానీ ఒకే యూనివర్సిటీ, ఒకే డిగ్రీ పేరు అయినా ఆన్‌లైన్‌కి, క్యాంపస్‌కి అడ్మిషన్ వేరువేరుగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో వేలమందిని తీసుకునే ప్రోగ్రామ్‌కి క్యాంపస్‌లో సీట్లు వందల్లోనే ఉంటాయి. అక్కడ ఆన్‌లైన్ విద్యార్థిని మామూలు అభ్యర్థిలాగే వరసలో నిలబెడతారు. కొన్ని యూనివర్సిటీల్లో మాత్రం ఒక ఫారం నింపి, డిపార్ట్‌మెంట్ సంతకం పెట్టించుకుంటే పనైపోతుంది. ఈ రెండింటిలో మీది ఏదో గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి ఒక్క ఈమెయిల్ రాస్తే తెలిసిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇక్కడ మీ క్రెడిట్లన్నీ వాటంతట అవే లెక్కలోకి వస్తాయి. అది వరం అనిపిస్తుంది. సగం దాటినవాళ్లకి మాత్రం ఏడాది మిగలకపోవడం అక్కడే మొదలవుతుంది. థీసిస్ ఆప్షన్ తీసుకోవడం, ఇంకో స్పెషలైజేషన్ కలుపుకోవడం లాంటివి ఉంటే చదువు నిజంగానే పెరుగుతుంది. కానీ ఓపీటీ కోసమే సాగదీస్తున్నట్టు కనపడితే డీఎస్‌ఓ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

6 నుంచి 12 క్రెడిట్లు అయినవాళ్లకి, మంచి గ్రేడ్లు ఉన్నవాళ్లకి, ముఖ్యంగా ఆన్‌లైన్ కోర్సు చెప్పిన ప్రొఫెసర్ దగ్గర రిసెర్చ్ పని మొదలుపెట్టినవాళ్లకి నేను ముందు చెప్పేది ఈ దారే.

దారి 2: ఇంకో యూనివర్సిటీకి కొత్తగా

చాలా యూనివర్సిటీలు మాస్టర్స్‌లో బయటినుంచి 6 నుంచి 12 క్రెడిట్లకి మించి ఒప్పుకోవు. అది కూడా బీ గ్రేడో అంతకంటే ఎక్కువో ఉంటేనే, వాళ్ల సిలబస్‌కి సరిపడితేనే. విద్యార్థులు దీన్ని పెద్ద నష్టంగా చూస్తారు. "21 చేస్తే 9 మాత్రమే తీసుకుంటామంటున్నారు అన్నా!" అని. నిజమే, 12 క్రెడిట్ల కష్టం, డబ్బు పోయినట్టే. కానీ పై పట్టీ మళ్లీ చూడండి. 9 తీసుకుని 21 మిగిలాయంటే, రెండు సెమిస్టర్లు దాటి చదువు ఉంది, ఏడాది నిండుతుంది. యూనివర్సిటీ పిసినారితనం ఇక్కడ మీకు కలిసొస్తుంది. ఒక్కోసారి క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ అడక్కుండా ఉండటమే తెలివి.

ఇంకో సుగుణం, ఆన్‌లైన్‌లో తెచ్చుకున్న జీపీఏ. బీటెక్‌లో బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాడు కూడా అమెరికన్ యూనివర్సిటీ మాస్టర్స్ కోర్సుల్లో 3.8 తెచ్చుకుంటే, అడ్మిషన్ కమిటీకి అంతకంటే మంచి సాక్ష్యం వేరే లేదు. జీఆర్‌ఈ అడగని చోట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి కాబట్టి దాని విలువ ఇంకా పెరిగింది.

ఖర్చు మాత్రం అన్ని దారుల్లో ఇదే ఎక్కువ. దాచేదేం లేదు.

దారి 3: ఆన్‌లైన్ పూర్తి చేసి, ఆ తర్వాత వెళ్లడం

21, 24 దాకా వచ్చేసినవాళ్లకి నేను చెప్పే దారి. మిగతాది ఇక్కడే ముగించి, తర్వాత పీహెచ్‌డీకో, వేరే సబ్జెక్టులో మాస్టర్స్‌కో వెళ్లడం. ఆన్‌లైన్ డిగ్రీ చేసినప్పుడు మీరు ఎఫ్-1లో లేరు కాబట్టి ఓపీటీ వాడుకోలేదు. క్యాంపస్‌లో చేసే రెండో మాస్టర్స్‌కి అది చెక్కుచెదరకుండా ఉంటుంది.

పీహెచ్‌డీ వైపు మనసున్నవాళ్లకి ఇది బంగారంలాంటి దారి. ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ ఉంటే ఇల్లు తాకట్టు పెట్టే పనే ఉండదు. రెండో మాస్టర్స్ మాత్రం కొంచెం జాగ్రత్త. కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ చేతిలో పెట్టుకుని మళ్లీ ఐటీ మేనేజ్‌మెంట్ ఎమ్మెస్‌కి వెళ్తానంటే, అడిగేవాళ్లకి అనుమానం రాకుండా ఉంటుందా? స్టాటిస్టిక్స్, రోబోటిక్స్, బయోఇన్ఫర్మాటిక్స్ లాంటి వేరే మలుపు అయితే కథ నిలబడుతుంది. ఒక డిగ్రీకి వాడేసిన క్రెడిట్లను ఇంకో డిగ్రీకి మామూలుగా తీసుకోరన్నది కూడా గుర్తుంచుకోండి.

దారి 4: ఏడాది ఇక్కడ, ఏడాది అక్కడ అని అమ్మే ప్యాకేజీ

అమీర్‌పేట నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా హోర్డింగులు వీటివే. మొదటి ఏడాది ఆన్‌లైన్, రెండో ఏడాది అమెరికా క్యాంపస్, ఖర్చు సగం అని. ఆలోచన చెడ్డదేం కాదు. రెండో ఏడాది నిజంగా రెండు నిండు సెమిస్టర్లయితే ఓపీటీ లెక్క కుదురుతుంది, ఖర్చు నిజంగానే తగ్గుతుంది.

కానీ సంతకం పెట్టే ముందు మూడు విషయాలు కాగితం మీద చూపించమనండి. క్యాంపస్‌లో సరిగ్గా ఎన్ని క్రెడిట్లు మిగులుతాయి, ఆ ప్రోగ్రామ్ కోడ్ స్టెమ్‌లో ఉందా, వీసా రాకపోతే మొదటి ఏడాది కట్టిన డబ్బు ఏమవుతుంది. మా వీధిలో ఒక అమ్మాయికి ఈ మూడోదే గుదిబండ అయింది. వీసా రాలేదు. మొదటి ఏడాది చదివిన దానికి చేతికొచ్చింది ఒక సర్టిఫికెట్, అంతే. డిగ్రీ కాదు. ఒప్పందం 14వ పేజీలో అది రాసే ఉంది.

ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ యూనివర్సిటీలతో కలిసి ఆన్‌లైన్‌లో ఇచ్చే డిగ్రీలకి గుర్తింపు ఉండదని యూజీసీ 2023 డిసెంబరులోనే హెచ్చరించింది. గ్రూప్స్, లెక్చరర్ పోస్టుల ఆలోచన ఏ మూలనున్నా ఈ దారి వద్దు.

దారి 5: వెళ్లకుండా ఆన్‌లైన్‌లోనే ముగించడం

దీన్ని ఎవరూ ఒక దారిగా లెక్కపెట్టరు, ఓడిపోవడంగా చూస్తారు. నా మట్టుకు నాకు, మంచి ఉద్యోగంలో ఉండి 30 ఏళ్లు దాటినవాళ్లకి ఐదు దారుల్లో ఇదే ముందు వరసలో ఉండాలి. ఆరేడు లక్షల ఖర్చుతో పేరున్న యూనివర్సిటీ పట్టా, జీతం ఆగదు, పెద్దవాళ్లని వదిలిపెట్టక్కర్లేదు. హెచ్-1బీ ఉద్యోగ వీసాలో అమెరికా మాస్టర్స్ వాళ్లకి విడిగా ఉన్న 20 వేల కోటా చూసేది పట్టా ఇచ్చిన సంస్థని. అది గుర్తింపు ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీయో లాభాపేక్ష లేని యూనివర్సిటీయో అయి ఉండాలి.

అయితే ఆ కోటాని నమ్ముకుని ఇక్కడే కూర్చోవడం ఇప్పుడు కష్టం. 2025 సెప్టెంబరు 21 నుంచి, అమెరికా బయట ఉన్న ఉద్యోగికి కొత్త హెచ్-1బీ వేస్తే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. అక్కడే ఎఫ్-1 మీద ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకి అది వర్తించదని తర్వాత తేల్చారు. అమెరికాలో ఉద్యోగమే అసలు లక్ష్యమైతే, ఈ తేడా దారి 2 వైపు తూకం వేస్తుంది. చదువే లక్ష్యమైతే వేయదు.

అయిదింటినీ పక్కపక్కన పెడితే

| దారి | కొత్త అడ్మిషన్ | అక్కడ ఏడాది నిండుతుందా | ఖర్చు | ఎవరికి |
|---|---|---|---|---|
| అదే యూనివర్సిటీ | చాలా చోట్ల కావాలి | 12 లోపు అయితే నిండుతుంది | మధ్యస్థం | తొలి రెండు సెమిస్టర్లలో ఉన్నవాళ్లు |
| వేరే యూనివర్సిటీ | కావాలి | దాదాపు ఎప్పుడూ నిండుతుంది | అన్నిటికంటే ఎక్కువ | ఆన్‌లైన్‌లో గ్రేడ్లు బాగా తెచ్చుకున్నవాళ్లు |
| ముగించి వెళ్లడం | కావాలి | నిండుతుంది | పీహెచ్‌డీ అయితే తక్కువ | సగం దాటినవాళ్లు |
| ప్యాకేజీ | ఒప్పందాన్ని బట్టి | లెక్కపెట్టి చూడాలి | తక్కువ | వీసా రాకపోయినా తట్టుకోగలవాళ్లు |
| ఆన్‌లైన్‌లోనే | అక్కర్లేదు | ఆ ప్రశ్నే లేదు | చాలా తక్కువ | ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లు |

ఇప్పటికే అమెరికాలో ఉన్నవాళ్లు

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫోన్ చేసే అమ్మాయిలది వేరే కథ. భర్త హెచ్-1బీ, తను హెచ్-4 (వాళ్ల భార్యకి, పిల్లలకి ఇచ్చే వీసా), పిల్లాడు చిన్నవాడని ఆన్‌లైన్ ఎమ్మెస్‌లో చేరింది. ఇప్పుడు పిల్లాడు స్కూలుకి వెళ్తున్నాడు. "ఎఫ్-1కి మారాలా అండీ?"

క్లాసుకి వెళ్లడానికి మాత్రమే అయితే మారక్కర్లేదు. హెచ్-4 మీద క్యాంపస్‌లో ఫుల్‌టైమ్‌గా, పార్ట్‌టైమ్‌గా ఎలాగైనా చదవొచ్చు, నేడే వెళ్లి చేరొచ్చు. ఎఫ్-1 కావాల్సింది సీపీటీ, ఓపీటీ, క్యాంపస్ ఉద్యోగం కోసం. భర్తకి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం అయి, తనకి హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉంటే అది కూడా అక్కర్లేదు. హాయిగా హెచ్-4 మీదే చదువుకుంటూ పనిచేసుకోవచ్చు. ఈఏడీ లేనివాళ్లకి మాత్రం ఎఫ్-1 వల్ల ఉపయోగం ఉంది. అక్కడే ఉండి స్టేటస్ మార్పుకి ఐ-539 దరఖాస్తు వేయొచ్చు, నెలల తరబడి పడుతుంది. లేదా ఇండియా వచ్చి స్టాంపింగ్ చేయించుకోవచ్చు, వేగంగా అవుతుంది కానీ రాకపోతే పిల్లాడు అక్కడ, తల్లి ఇక్కడ. నేనైతే ఐ-539 వైపే మొగ్గుతాను.

హెచ్-4 పిల్లలకి 21 ఏళ్లు నిండబోతుంటే మాత్రం, ఆ తర్వాత హెచ్-4 ఉండదు కాబట్టి, ఎఫ్-1కి మారడంలో ఆలస్యం వద్దు.

ఇంకో హెచ్చరిక. అక్కడే ఉన్నవాళ్లకి "నెలకోసారి క్యాంపస్‌కి వస్తే చాలు, మొదటి రోజు నుంచే సీపీటీ" అనే కాలేజీల ప్రకటనలు ఎదురవుతాయి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లలు కొందరి కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అసలు ప్రభుత్వమే పన్నిన వల అని బయటపడింది, అరెస్టయినవాళ్లలో మన వాళ్లే ఎక్కువ. ఇవాళ్టి కాలేజీలన్నీ అలాంటివి కావు. కానీ రేపు హెచ్-1బీ పిటిషన్‌లో "క్లాసుకి ఎలా వెళ్లేవారు, విమానం టికెట్లు చూపించండి" అని అడిగితే చూపించగలిగే చదువే చదవండి.

కిటికీ దగ్గర ఒక ప్రశ్న

హైదరాబాద్‌లో అయితే ముందు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో వేలిముద్రలు, ఇంకో రోజు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. డీఎస్-160లో ఆన్‌లైన్ చదువుని దాచొద్దు. దాచినా ట్రాన్స్‌క్రిప్ట్ చెప్పేస్తుంది. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా ఉంచమంటున్నారు, అందులో మీరే పెట్టుకున్న "ప్రౌడ్ ఆన్‌లైన్ ఎమ్మెస్ స్టూడెంట్" కూడా ఉంటుంది కదా.

ప్రశ్న ఒకటే. ఈ డిగ్రీ నువ్వు ఇక్కడ కూర్చునే చదువుతున్నావు, అక్కడికి ఎందుకు?

ఇద్దరికి నేనే ప్రాక్టీస్ చేయించాను. ఒకబ్బాయి "అక్కడైతే ఎక్స్‌పోజర్ ఎక్కువ, క్యాంపస్ లైఫ్ ఉంటుంది" అన్నాడు. అందరూ చెప్పేదే. అసలు ఇంటర్వ్యూలో కూడా అదే చెప్పాడు, 214(బీ) కింద వీసా నిరాకరించిన కాగితం పట్టుకుని బయటికొచ్చాడు. అదొక్కటే కారణమని అనను, కానీ ఆ జవాబు అతనికి ఏమీ చేయలేదు. ఇంకో అమ్మాయి ఎంబెడెడ్ సిస్టమ్స్. తను అంది, "నేను ఆన్‌లైన్‌లో చేసిన నాలుగు కోర్సులూ థియరీ. మిగిలిన ఆరింటిలో మూడు ల్యాబ్ కోర్సులు, అవి ఆన్‌లైన్‌లో లేవు. ఎఫ్‌పీజీఏ బోర్డు మీద పని చేయకుండా నాకు ఇక్కడ డిజైన్ ఉద్యోగం ఇవ్వరు." మూడు వాక్యాలు. తన కోర్సుల పట్టీ తనకి నోటికి వచ్చు. ఆఫీసర్ ఇంకో ప్రశ్న వేయకుండా పాస్‌పోర్టు తీసుకున్నాడు.

మీ దగ్గర అలాంటి మూడు వాక్యాలు లేకపోతే, ఇంటర్వ్యూ ఎలా తయారవ్వాలని కాదు, అసలు మారాలా అని మళ్లీ ఆలోచించాలి.

మిగతా దేశాలు, క్లుప్తంగా

కెనడాలో 2024 సెప్టెంబరు నుంచి దేశం బయట ఉండి ఆన్‌లైన్‌లో చదివిన కాలం పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ లెక్కలోకి రాదు. చదువులో కనీసం సగం అక్కడ తరగతిలో జరగాలి. మాస్టర్స్ 8 నెలలకి తక్కువ కాకుంటే మూడేళ్ల పర్మిట్ వస్తుంది కాబట్టి, తొలి సెమిస్టర్‌లోనే మారేవాళ్లకి ఇంకా లాభదాయకమే.

బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాదే. గ్రాడ్యుయేట్ వీసా కావాలంటే ఆ ఏడాదంతా అక్కడే చదవాలి. కాబట్టి ఆన్‌లైన్ సగం, అక్కడ సగం అన్నదానికి తావు లేదు, మళ్లీ మొదటినుంచి చేరడమే. ఆ వీసా కూడా 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి రెండేళ్లు కాదు, 18 నెలలే.

ఆస్ట్రేలియాలో విదేశీ విద్యార్థి చదువులో మూడో వంతుకి మించి ఆన్‌లైన్ ఉండకూడదు. చదువయ్యాక వచ్చే 485 వీసాకి అక్కడ కనీసం 16 నెలలు ఉండి, 92 వారాల కోర్సు పూర్తి చేసి ఉండాలి. క్రెడిట్లు ఎక్కువ తీసుకెళ్లి కోర్సు కుదించుకుంటే కొంప మునిగేది అక్కడ కూడా.

తేల్చుకున్నాక

ఆగస్టులో క్లాసులో కూర్చోవాలంటే అంతకు ముందు డిసెంబరుకల్లా దరఖాస్తులు పడిపోవాలి. మార్చి, ఏప్రిల్ కల్లా ఐ-20 చేతిలో ఉండాలి. ఐ-20 వచ్చిన రోజే అందులో ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ వేలుపెట్టి చదవండి. ఆ రెండింటి మధ్య రెండు నిండు సెమిస్టర్లు కనపడకపోతే అప్పుడే డీఎస్‌ఓని అడగాలి, దిగాక కాదు. ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందుకంటే తొందరగా దేశంలోకి రానివ్వరు, చవకని జూన్‌లో టికెట్ కొనుక్కోవద్దు.

వీసా రాకపోతే ఆన్‌లైన్‌కి తిరిగి వెళ్లనిస్తారా అన్నది మారకముందే అడిగి పెట్టుకోండి. కొన్ని చోట్ల ఆన్‌లైన్ సీటు వదిలేస్తేనే క్యాంపస్ సీటు ఖాయం చేస్తారు. పాస్‌పోర్టులో స్టాంపు పడేదాకా రాజీనామా కాగితం డ్రాయర్‌లోనే ఉండనివ్వండి.

21 క్రెడిట్ల కుర్రాడి మేనేజర్ మంచివాడు, ఆ మాట విననట్టే ఊరుకున్నాడు. కుర్రాడు మిగిలిన 9లో 6 ఈ సెమిస్టర్‌లోనే తీసుకున్నాడు. తనకి డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ చెప్పిన ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ గురించి ఈమెయిల్ రాశాడట, పంపే ముందు నాకు చూపించాడు. నాలుగు పేరాలు ఉంటే రెండు కొట్టేయమన్నాను.